తెల్లగుట్ట మీద వేళ్ళకు తోడు

ఈ మధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఉద్యానశాస్త్రం చదివి, జగ్గయ్యపేట దగ్గర ఒక సున్నపురాతి గనిలో పచ్చదనం పెంచే ఉద్యోగంలో చేరబోతోందట. నేనూ అలాంటి గనిలోనే పనిచేసి రిటైరయ్యానని ఎవరో చెప్పారట. "మేడం, ముందుగా ఏం నేర్చుకోమంటారు?" అని అడిగింది. ఓపిక అని చెప్పబోయి ఆగిపోయాను. ఓపిక పట్టబట్టే నావి చాలా ఏళ్ళు వృథాగా పోయాయి. ఆ ఉద్యోగానికి కావలసింది చిరాకు. సరైన విషయం మీద, సరైన మనిషి ముందు, విసుగు లేకుండా చిరాకు పడగలగాలి. ఫోన్లో అంతా చెప్పడం కుదరలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

పాత గుంటలు

గని అంటే చూడనివాళ్ళకు చెప్తాను. ముందు నేల మీది మట్టి గీకేస్తారు. తర్వాత రాయి పేల్చి తీస్తారు. సిమెంటుకు పనికిరాని రాళ్ళూ రొడ్డూ అంతా ఒకచోట పోస్తారు. దాన్ని డంపు అంటారు. మా డంపు పెరిగి పెరిగి ఒక గుట్ట అయ్యింది. తెల్లగా ఉంటుంది కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తెల్లగుట్ట అనేవాళ్ళు. ఆ గుట్ట మీద చెట్లు పెంచడం గని బాధ్యత. చెట్లు పెంచడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషిని నేను. నందిగామ నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని.

ఏటా తొలకరి పడగానే లారీల నిండా మొక్కలు దిగేవి. గోదావరి అవతల ఎక్కడో పెద్ద నర్సరీలో, కొబ్బరి పొట్టులో పెంచిన మొక్కలు. చూడటానికి కళ్ళు తిరిగేంత పచ్చగా ఉండేవి. నాటేవాళ్ళం. ఫొటోలు తీసేవాళ్ళు. శీతాకాలం దాకా బాగానే ఉండేవి. వేసవిలో రోహిణి కార్తె వచ్చేసరికి అన్నీ చీపురుపుల్లలయ్యేవి. మళ్ళీ జూన్‌లో కొత్త మొక్కలు. కూలీలకు కొత్తగా గుంట తవ్వాల్సిన పని కూడా ఉండేది కాదు. పోయినేడు చచ్చిన మొక్కను పీకితే గుంట తయారు.

మా గని మేనేజరు రామ్మోహనరావు గారు చెడ్డమనిషి కాదు. రాతిని చూసి ఎక్కడ చీలుతుందో వేలుపెట్టి చూపించేవారు. కూలీల పిల్లలకు జ్వరమొస్తే తన కారు పంపేవారు. కానీ మొక్క విషయంలో ఆయన ఆలోచన గోడకు సున్నం వేసే ఆలోచన.

"పచ్చగా కనపడాలి మేడం. అంతే."

"కనపడుతున్నాయి సార్, డిసెంబరు దాకా."

"నీళ్ళు చాలట్లేదేమో. ఇంకో ట్యాంకరు పెట్టిస్తా."

పెట్టించారు. మొక్కలు మరో పదిహేను రోజులు ఆలస్యంగా చచ్చాయి.

వేళ్ళను ఉడకబెట్టడం

ఒక మే నెలలో, చచ్చిన మొక్కల్ని పీకి వేళ్ళు చూడటం మొదలుపెట్టాను. ఏ మొక్క తీసినా ఒకటే కథ. వేళ్ళు నాటిన రోజు ఎంత ముద్దలో ఉన్నాయో అంత ముద్దలోనే చుట్టుకుని ఉన్నాయి. గుంట దాటి ఒక్క వేరూ బయట అడుగు పెట్టలేదు. అదే గుట్ట అంచున, ఎవరూ నాటని చండ్రచెట్టు ఒకటి, నీళ్ళు పోసే దిక్కులేకుండా, ఆ ఎండలో నిక్షేపంగా ఉంది.

రెండింటి వేళ్ళూ మూట కట్టి నందిగామ తెచ్చాను. అక్కడి కాలేజీలో బోటనీ చెప్పే ప్రభాకరం నాకు చదువుకునే రోజుల నుంచి స్నేహితుడు. వేళ్ళను ఘాటైన క్షారంలో ఉడికించి, మామూలు పెన్నుల సిరాను వెనిగర్‌లో కలిపి అందులో నానబెట్టాడు. ల్యాబంతా పచ్చళ్ళ కొట్టులా వాసనొచ్చింది. తర్వాత మైక్రోస్కోపులో పెట్టి నన్ను పిలిచాడు.

చండ్ర వేరులో నీలంగా, చిన్న చిన్న చెట్లలాంటి కొమ్మలూ, బుడగలూ, పోగులూ కనిపించాయి. నర్సరీ మొక్క వేరులో ఏమీ లేదు.

"సువార్తా, నీ మొక్కలు చచ్చింది ఎండకు కాదే. తోడు లేక" అన్నాడు ప్రభాకరం.

దీన్ని మైకోరైజా అంటారు. వేరుతో పొత్తు పెట్టుకునే ఒక రకం బూజు. పాఠాల్లో మేమంతా చదివినదే, పరీక్ష రాసి మర్చిపోయినదే. ఈ బూజు వేరు లోపలికి వెళ్ళి కాపురం పెడుతుంది. అక్కడి నుంచి వెంట్రుక కన్నా సన్నటి పోగుల్ని మట్టిలోకి పంపుతుంది. వేరు దూరలేని సందుల్లో ఆ పోగులు దూరతాయి. అక్కడున్న చెమ్మనూ, సున్నంతో బిగుసుకుపోయిన భాస్వరాన్నీ లాక్కొచ్చి మొక్కకు ఇస్తాయి. బదులుగా మొక్క తన ఆకుల్లో వండుకున్న చక్కెరలో కొంత దానికి పెడుతుంది. ఎండకూ, కరువుకూ, సున్నానికీ మొక్క తట్టుకోవడంలో సగం బలం ఈ పొత్తుదే. పైగా ఆ పోగులు మట్టి రేణువుల్ని ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతాయి. జారే గుట్టకు ఆ సంగతి ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

మామూలు పొలంలో ఈ బూజు ఉండనే ఉంటుంది. భూమి లోతుల్లోంచి తవ్విపోసిన రాతిపొడిలో ఎక్కడి నుంచి వస్తుంది? కొబ్బరి పొట్టులో పెరిగిన మొక్క ఎక్కడి నుంచి తెస్తుంది? ఏటా మేం తోడులేని మొక్కల్ని జీవం లేని మట్టిలో పెట్టి, ట్యాంకరుతో నీళ్ళు కొట్టి, చచ్చాయేమిటా అని ఆశ్చర్యపోతున్నాం.

రంగు డబ్బా

మర్నాడే మేనేజరు గారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, కొనుగోలు విభాగానికి ఫోన్ చేశారు. వారం తిరక్కుండా నా గది ముందు ప్లాస్టిక్ డబ్బాలు దిగాయి. డబ్బా మీద పచ్చటి చెట్టూ, దాని వేళ్ళ చుట్టూ మెరుపులూ, పెద్దక్షరాల్లో మైకోరైజా అని పేరూ. లోపల నల్లటి గుళికలు.

తెచ్చిన డీలరు తెల్లచొక్కా కుర్రాడు. మాట తీపి.

"మేడం, ఇది వేస్తే పది రోజుల్లో రిజల్టు. రాళ్ళ మీదైనా మొలుస్తది."

"ఎక్కడ దాచారయ్యా ఇన్నాళ్ళూ దీన్ని?"

"గోడౌన్లో మేడం. రేకుల షెడ్డు. దొంగల భయం లేదు."

"వేసవంతా రేకుల కిందే ఉందా? ఇందులో ఉండాల్సింది ప్రాణమున్న వస్తువు. దాన్ని కాల్చి తెచ్చావు."

"ఎక్స్‌పైరీ ఇంకా ఉంది కదండీ" అన్నాడు, నిజంగా అర్థంకాక.

ఆ గుళికలతో కుండీల్లో జొన్న పెంచి చూశాను. ప్రభాకరం వేళ్ళను సిరాలో ముంచాడు. ఏమీ లేదు. ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు ఒక మాట. డబ్బాల్లో వచ్చేదంతా మోసమని అనను. మంచివీ ఉన్నాయి. కానీ వేరును చూడకుండా ఏ డబ్బానూ నమ్మకండి. మందులాగా అమ్మేవాడికి అది మందు కాదని తెలియదు. తెలిసినా చెప్పడు.

చివరికి సొంతంగా పెంచాను. నేలలో గుంట తీసి, టార్పాలిన్ పరిచి, ఇసుకలో ఆ చండ్రచెట్టు కింది మట్టీ వేళ్ళ ముక్కలూ కలిపి, జొన్న చల్లించాను. జొన్న వేళ్ళ మీద ఈ బూజు బాగా పెరుగుతుంది. పంట ఎదిగాక నీళ్ళు ఆపి, పైన కోసేసి, వేళ్ళను మట్టితో సహా నరికి ముక్కలు చేస్తే అదే మనకు కావలసిన విత్తనం. మొక్కలు పెంచే ప్రతి కవరులో గింజ కింద ఒక గుప్పెడు వేయించాను. కానుగ, సుబాబుల్, వేప. మొలకలు నెమ్మదిగా లేచాయి. నర్సరీ మొక్కల పక్కన పెడితే బక్కగా కనిపించేవి. కానీ వేళ్ళు నీలంగా రంగు పట్టాయి. నాకు అంతకన్నా ఏం కావాలి?

అంతలో పైనుంచి పెద్దాయన ఎవరో చూడటానికి వస్తున్నారని కబురు. నేను రెండు రోజులు సెలవు పెట్టి మా మేనత్త చావుకు వెళ్ళొచ్చాను. వచ్చేసరికి నా మొక్కలు నిగనిగలాడుతున్నాయి. నేరుగా ఆఫీసుకు వెళ్ళాను.

"ఏం వేశారు సార్?"

"డీఏపీ ఎరువు మేడం, కొంచెం గట్టిగానే పోయించా. మీ మొక్కలు బలహీనంగా ఉన్నాయి, పరువు పోతుందని" అన్నారు రామ్మోహనరావు గారు సంతోషంగా.

"సార్, కడుపు నిండినవాడు ఎవరితోనైనా పొత్తు పెట్టుకుంటాడా? భాస్వరం అంత దొరికాక ఆ మొక్క బూజును వేరులోకి రానిస్తుందా?"

"బాగా కనపడుతున్నాయి కదండీ!"

పెద్దాయన వచ్చారు, మెచ్చుకున్నారు, వెళ్ళారు. మొక్కల్ని గుట్ట మీద నాటాం. మే నెలకు చీపురుపుల్లలు. మీటింగులో రామ్మోహనరావు గారు నా వైపు చూసి, "మేడం, ఈ బూజు ప్రయోగం కూడా ఫెయిలైనట్టే కదా" అన్నారు. ఆ రోజు నా నోటికి వచ్చిన మాటలు ఇక్కడ రాయను.

గుట్ట కింద చేను

ఆ ఏడు వానలు మొదట్లోనే విరగబడ్డాయి. గుట్టకు తూర్పు వాలు జారింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర గోల. వాచ్‌మన్ అడ్డంపడుతున్నా తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. మోకాళ్ళ దాకా తెల్లటి బురద. చేతిలో వేరుతో సహా ఒక పత్తిమొక్క. ఆమె పేరు నాగేంద్రమ్మ. తూర్పు వాలు కింద రెండెకరాలు ఆమెవి. వాటితోనే ఆమె ఇల్లు గడవాలి.

"మేనేజరు యాడ? పిలవండి ఆయన్ని."

రామ్మోహనరావు గారు బయటికి వచ్చారు. "ఏంటమ్మా, ముందు కూర్చో. మాట్లాడదాం."

"కూసోటానికి రాలా బాబూ. నా చేను మీ గుట్ట కింద పడుకుంది. వచ్చి లేపండి."

"నష్టం ఎంతో చూసి కట్టిస్తాం కదమ్మా."

"పోయినేడూ కట్టించారుగా? నా చేలో సున్నం పోయిందా? మళ్ళీ రాకుండా ఆగిందా?"

ఆమె నా వైపు తిరిగింది. "ఈయమ్మెవరు?"

"గుట్ట మీద మొక్కలు పెంచే మేడం" అన్నాడు వాచ్‌మన్.

"మొక్కలా? ఏ మొక్కలు? మా చేలో నిలబడితే ఆ గుట్టే కనపడుద్ది నాకు రోజూ. ఒక్క మొక్కన్నా కనపళ్ళా."

ఆమె వెంట చేనికి వెళ్ళాను. జానెడెత్తు పత్తి, సగం దాకా సున్నపు బురదలో కూరుకుపోయి ఉంది. ఎండ తగిలిన చోట బురద అప్పుడే అట్టలా బిగుస్తోంది. ఆమె వంగి, చేతివేళ్ళతో ఒక మొక్క చుట్టూ గీకుతూ అడిగింది.

"గుట్ట మీద గడ్డీ చెట్లూ లెగిస్తే ఈ మట్టి జారదా?"

"చాలావరకు జారదమ్మా."

"మరి లేపరేం?"

"లేపనివ్వట్లేదు."

"ఎవరు?"

ఆఫీసు వైపు చూపించాను. ఆమెకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, నా మీద. "జీతం ఆయన కాడ తీసుకుంటా నాకు చెప్తావేందమ్మా? నేనేం జేత్తా? ఆయనకే చెప్పు. ఇనకపోతే ఇనేదాకా చెప్పు."

బురద చీరతోనే ఆఫీసుకు వచ్చాను.

"సార్, తూర్పు వాలు నాకు వదిలేయండి. మొక్క, మట్టి, నీళ్ళు అన్నీ నేను చెప్పినట్టే. డీఏపీ బస్తా అటు రాకూడదు. నర్సరీ లారీ అటు రాకూడదు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు వానాకాలాలు."

"మూడా! మధ్యలో పైవాళ్ళు వస్తే?"

"వాళ్ళను పడమటి వైపు తిప్పండి సార్. అటు పచ్చరంగు కొట్టించినా నాకు అభ్యంతరం లేదు."

ఆయన నవ్వాపుకోలేకపోయారు. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర నాగేంద్రమ్మ మళ్ళీ వచ్చి కూర్చుని ఉంది. నవ్వు ఆగిపోయింది. "సరే. ఆ వాలు మీది. నేను అటు రాను" అన్నారు. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నారు. అందుకు ఈరోజుకీ ఆయనంటే నాకు గౌరవం.

మట్టి మట్టేగా

అసలు పోరాటం మట్టితో వచ్చింది. గని మొదలుపెట్టినప్పుడు గీకిన పైమట్టిని ఒక పక్కన కుప్ప పోసి ఉంచారు. మేడంత ఎత్తు. మొక్కలకు దాన్నే వాడాలని రూలు. కానీ అంత ఎత్తున, ఏళ్ళ తరబడి, గాలాడకుండా, పైన ఒక పచ్చటి వేరు కూడా లేకుండా పడున్న మట్టిలో మా బూజు ఎట్లా బతుకుతుంది? తవ్వి తెచ్చి జొన్న పెట్టి చూశాం. దాదాపు ఉత్తదే.

అదృష్టం కొద్దీ తర్వాతి వేసవిలో గనికి కొత్త చెక్క తెరుస్తున్నారు. తుప్పలూ రేగుకంపలూ పెరిగిన బీడు అది. ఆ పైమట్టి గీకిన లారీలు కుప్ప దగ్గరికి పోకుండా నేరుగా తూర్పు వాలుకు రావాలన్నాను. లారీల ఇన్‌ఛార్జి సుబ్బారావు తల పట్టుకున్నాడు.

"మేడం, అటు రోడ్డు బాగోదు. కుప్ప మీది మట్టే ఇస్తాగా. మట్టి మట్టేగా!"

"సుబ్బారావు గారూ, చచ్చిన కోడీ బతికున్న కోడీ కూడా కోడేగా. గుడ్డు ఏది పెడుతుంది?"

"గుడ్లు నాకెందుకండీ, డీజిల్ సంగతి ఎవరు చూస్తారు?"

రోజూ ఇదే గొడవ. కాసేపు అటు తిరిగితే రెండు లారీలు పాత కుప్పకు పోయేవి. గొడుగు వేసుకుని మలుపు దగ్గర నిలబడి, ఒక్కో లారీని నేనే మళ్ళించాను. వాలును మెట్లుగా కోయించి, ఆ తాజా మట్టిని పల్చగా పరిపించాం. కొత్తగా పెంచిన బూజు విత్తనంతో లేచిన మొక్కలు నాటాం. మధ్యలో గడ్డీ, స్టైలో అనే పశువుల మేత గింజలూ చల్లాం. మొదట్లో మాత్రం నీళ్ళు పోశాం. తర్వాత తగ్గించుకుంటూ పోయాం.

మొదటి వేసవి నాకు నరకం. సుబాబుల్ ఆకు రాల్చేసింది. కానుగ సగం మాడింది. దూరం నుంచి చూస్తే మామూలు చావులాగే ఉంది. వెళ్ళి గోటితో బెరడు గీకాను. కింద పచ్చగా ఉంది. ఇంకో మొక్క గీకాను. పచ్చ. అన్నీ బతికాయని చెప్పను. మెట్ల చివర తాజా మట్టి చేరని చోట, బూజు పెట్టిన మొక్కలు కూడా పోయాయి. ఇది రాసుకోండి: ఈ బూజు నీళ్ళను పుట్టించదు, రాతిని పిండి చేయదు. ఉన్న కాస్తనూ మొక్కకు అందేట్టు చేస్తుంది, అంతే. దానితో అద్భుతాలు చేస్తామనేవాళ్ళు, అదంతా చాదస్తమనేవాళ్ళు, ఇద్దరూ వేరును చూడనివాళ్ళే.

రెండో ఏడు పెద్దవాన పడ్డరోజు మధ్యాహ్నం పని వదిలి తూర్పు వాలు కిందికి పరుగెత్తాను. నాగేంద్రమ్మ అప్పటికే గోనెసంచి నెత్తిన కప్పుకుని చేని గట్టు మీద నిలబడి ఉంది. వాలు మీంచి వచ్చే నీళ్ళు కాలవలోకి దిగుతున్నాయి. ఆమె వంగి దోసిలితో ఆ నీళ్ళు పట్టి చూసింది.

"ఎర్రగా వత్తన్నయ్" అంది. తెల్లగా కాదు. రొడ్డు జారలేదు. కొంచెం ఎర్రటి పైమట్టి మాత్రం కలిసింది.

మెచ్చుకుంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"మరి ఆ చివర మెట్టు సంగతేంది? అక్కడ బోడిగా ఉందిగా?" అంది.

ఇంతా చేశాక

మూడో ఏడు పైవాళ్ళు వచ్చారు. ఈసారి మేనేజరు గారు వాళ్ళను తూర్పు వైపే తీసుకొచ్చారు. "సరైన రకం మొక్కలు ఎంచుకున్నాం సార్" అని చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. బూజు మాట ఎత్తలేదు. బూజు అంటే పెద్దవాళ్ళకు బాగుండదనుకున్నారట. ఆయన బదిలీ అయ్యాక కొత్త మేనేజరు వచ్చాడు. పడమటి వాలుకు మళ్ళీ నర్సరీ లారీలు దిగాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. వేళ్ళు చూపించాను, వాలు చూపించాను, అరిచాను. రిటైరయ్యే నాటికి అందులో సగానికి ఒప్పించాను. మిగతా సగం ఇప్పటికీ ఏటా చస్తోంది. మీలో ఎవరైనా అక్కడ చేరితే ఆ సగం నుంచి మొదలుపెట్టండి. చెప్పింది ఒకసారి వింటే చాలు, ఇక గుర్తుంటుందని మాత్రం అనుకోకండి. ఆఫీసుల్లో మనుషులు మారతారు, మర్చిపోవడం మారదు.

పోయిన వర్షాకాలం చివర ఊరికే ఉండలేక తూర్పు వాలు చూడటానికి వెళ్ళాను. చెట్ల కింద మేం నాటని పిల్ల సుబాబుళ్ళు గుంపులుగా లేచి ఉన్నాయి. పాత చెట్ల గింజలు రాలి మొలిచినవి. వాటికి బూజు ఎవరూ పెట్టలేదు. మట్టిలోంచి వాటంతటవే అందుకున్నాయా? ప్రభాకరానికి చూపించాలని ఒక మొక్కను పట్టుకుని లాగాను. రాలేదు. రెండు చేతులా పట్టి, పుల్లతో తవ్వి, చెమట పట్టించుకుని చివరికి లాగాను. వేళ్ళ నిండా మట్టి గుత్తులుగా పట్టుకుని ఉంది. విదిలించినా రాలడం లేదు.

కింద చేలోంచి కేక. "ఎవరది? ఎవరా పీకేది?"

నాగేంద్రమ్మ కొంగు బిగించుకుని మెట్లు ఎక్కి వస్తోంది. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టింది. గుర్తుపట్టినా గొంతు తగ్గించలేదు.

"నువ్వా మేడం! చదువుకున్నదానివి, బతికున్నదాన్ని ఎందుకు పీకావ్?"

"వేరు చూద్దామని నాగేంద్రమ్మా. లోపల బూజు పట్టిందో లేదో..."

"పట్టకపోతే లెగుద్దా? కనపడతల్లా?" నా చేతిలో మొక్కను లాక్కుంది. "మేకలోళ్ళని రానీకుండా కర్రట్టుకుని కాస్తన్నా ఇక్కడ. నువ్వొచ్చి పీకుతావా?"

వంగి, నేను తవ్విన చోటే మొక్కను నిలబెట్టి, మట్టి తోసి, మడమతో చుట్టూ అదిమింది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని, నేను కిందికి దిగేదాకా అక్కడే నిలబడింది.